జానెడు పొట్టి పరదాలు

జ్యోతిర్మయి మేడమ్ రెబ్కా సంచిని కౌంటరు మీద బోర్లించినప్పుడు పరదాల షాపు నిండా జనం ఉన్నారు. శ్రావణమాసం, గృహప్రవేశాల రోజులు. కొత్త ఇళ్ళవాళ్ళు కిటికీల కొలతలు కాయితాల మీద రాసుకుని వచ్చి, గుడ్డలు పరిపించుకుని చూస్తున్నారు. వాళ్ళందరి ముందూ రెబ్కా సంచిలోంచి టిఫిన్ డబ్బా దొర్లి నేల మీద పడి మూత ఊడింది. తినగా మిగిలిన పచ్చడన్నం టైల్స్ మీద చిమ్మింది. ఆ వెనకే కళ్ళజోడు పెట్టె, చిన్న బైబిలు, బీపీ మాత్రల అట్ట, చివరికి కాగితంలో చుట్టిపెట్టుకున్న నెలసరి గుడ్డలు. ఆ కాగితం ఊడిపోయింది. ఒక మొగమనిషి మొహం పక్కకి తిప్పుకున్నాడు. అతను అలా తిప్పుకోవడమే రెబ్కాకి ఎక్కువ సిగ్గనిపించింది.

నెమలిరంగు జకార్డ్ గుడ్డ ముక్క రెండున్నర మీటర్లది కనపడటం లేదు. అందుకని ఈ వెతుకులాట.

"నీ ఒక్కదానిదే కాదు, అందరి సంచులూ చూస్తా," అంది మేడమ్. కానీ ఆ రోజు ఆవిడ చూసింది రెబ్కా సంచి ఒక్కటే.

ముక్క మర్నాడు పొద్దున దొరికింది. ర్యాకు వెనక సందులో జారిపడి ఉంటే, ఊడుస్తున్న చాంద్‌బీ చూసి లాగింది. చాంద్‌బీ ఆ షాపులో రెబ్కా పక్క మిషను మీద కుట్టే పిల్ల. ఇరవయ్యారేళ్ళుంటాయి. దుమ్ము దులిపి ముక్కని తీసుకెళ్ళి మేడమ్ ముందు పెట్టి, "ఇదిగోండి మేడమ్, ఇక్కడే ఉంది. రెబ్కక్క తియ్యలేదు," అంది గట్టిగా, అందరికీ వినపడేలా.

"సరే, దొరికిందిగా. పని చూసుకోండి," అంది మేడమ్.

అంతే. రెబ్కా శనివారం దాకా చూసింది. ఒక్క మాట, పక్కకి పిలిచి అయినా సరే, ఒక్క మాట అంటుందేమోనని. శనివారం సాయంత్రం మేడమ్ వచ్చి, "సోమవారం కాస్త పెందలాడే రా రెబ్కా, పని చాలా ఉంది," అంది. రెబ్కా తన సొంత కత్తెర సంచిలో వేసుకుని మెట్లు దిగింది. సోమవారం వెళ్ళలేదు. ఆ తర్వాత ఎప్పుడూ వెళ్ళలేదు.

బ్రాడీపేటలోని ఆ షాపులో ఆమె పదకొండేళ్ళు పనిచేసింది. అంతకు ముందు రవికలు కుట్టేది. కుట్టుపని ఆమెకి తల్లి పట్టుబట్టి నేర్పించింది. తల్లి మిర్చి యార్డులో తొడిమలు తీసే కూలి. సీజనంతా చేతులు మండుతూనే ఉండేవి. సాయంత్రం ఇంటికొస్తే పిల్లల మొహం తడమడానికి లేదు, జడ వెయ్యడానికి లేదు. రెబ్కాకి పద్నాలుగేళ్ళు రాగానే చర్చి వెనక రేకుల షెడ్డులో నేర్పే కుట్టు క్లాసుకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, "దీని చేతులు చల్లగా ఉండాలి టీచరమ్మా," అని చెప్పి వచ్చింది. రెబ్కా ఆ మాట ఎప్పుడూ మర్చిపోలేదు.

చేతులు చల్లగానే ఉన్నాయి, పనితనమూ వచ్చింది. కిటికీ చూడగానే ఎన్ని మీటర్లు పడుతుందో చెప్పేసేది. ఏ గుడ్డ ఎలా జారుతుందో, ఏది కుచ్చు నిలుస్తుందో, ఏది నాలుగు రోజులకే వేలాడిపోతుందో వేళ్ళతో నలిపి చెప్పేది. అలలాగా ఒకే తీరున మడతలు పడే పరదాలకి గుంటూరులో ఆ షాపు పేరు పడిందంటే, ఆ మడతలు రెబ్కా వేసినవే. కస్టమర్లు మెచ్చుకుంటే మేడమ్ నవ్వుతూ, "మాది టేస్టండీ," అనేది. రెబ్కా లోపల మిషను మీద కూర్చుని వినేది. అప్పట్లో అది ఆమెకేమీ తప్పుగా తోచలేదు. సంచి బోర్లించాక మాత్రం పదకొండేళ్ళ మాటలన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి.

అదే సమయానికి నల్లపాడులో వాళ్ళ ఇల్లు పూర్తికావచ్చింది. రెబ్కా భర్త ఫిలిప్‌కి చీమకుర్తిలో గ్రానైటు పాలిష్ యూనిట్లో పని. వారమంతా అక్కడే ఉండి ఆదివారం ఆరాధనకి వచ్చేవాడు. ఇద్దరి సంపాదనా, చీటీపాటా, బ్యాంకు అప్పూ అన్నీ కలిపి రెండు సెంట్లలో రెండు పడగ్గదుల ఇల్లు లేపారు. ఆరు కిటికీలు, మూడు తలుపులు. పెయింటు అయ్యేసరికి చేతిలో ఏమీ మిగల్లేదు.

"ముందు పాత చీరలు కడదామే. ఏడాది పోయాక మంచివి చూద్దాం," అన్నాడు ఫిలిప్.

"పాత చీరలా?" అంది రెబ్కా. "ఆవిడొచ్చి చూడాలయ్యా నా ఇల్లు. గుంటూరులో ఏ డాక్టరుకీ కుట్టని పరదాలు నా కిటికీలకి ఉండాలి. చూసి ఆవిడ నోట మాట రాకూడదు."

"ఆవిడ మనింటికి ఎందుకొస్తుందే?"

"వస్తుంది. రప్పిస్తా."

భార్యకి కోపం రావడం ఫిలిప్ చూశాడు కానీ, కోపం ఇన్ని వారాలు నిలవడం ఎప్పుడూ చూడలేదు. ఆమె అన్నం తింటూ మధ్యలో ఆగి గోడకేసి చూసేది. ప్రార్థనలో క్షమించమనే చోటు వచ్చినప్పుడు ఆమె పెదాలు కదలడం లేదని అతను ఒక ఆదివారం గమనించాడు.

డబ్బు లేకుండా ఖరీదైన ఇల్లులా కనిపించాలంటే ఏం చెయ్యాలో రెబ్కాకి తెలిసినంత ఎవరికీ తెలియదు. పదకొండేళ్ళు ఆ డబ్బున్న ఇళ్ళనే చూసింది మరి. అందరూ కిటికీ నెత్తిన రాడ్డు కొట్టి, కిటికీ అంత గుడ్డ వేలాడదీస్తారు. ఆమె రాడ్డుని స్లాబుకి నాలుగంగుళాల కింద కొట్టించి, పరదాని నేల దాకా వదలాలనుకుంది. కిటికీ చిన్నదైనా గోడంతా ఎత్తుగా కనపడుతుంది. రాడ్డుని కిటికీకి అటూ ఇటూ మూరెడు ఎక్కువ పెట్టిస్తే, పరదా తీసినప్పుడు వెలుతురంతా లోపలికొస్తుంది, కిటికీ రెండింతలున్నట్టు ఉంటుంది. షాపు రాడ్లు కొనే పనిలేదు. నీళ్ళ పైపుల దుకాణంలో సన్నటి ఇనపగొట్టాలు కోయించి నల్లరంగు కొట్టింది. అంచుల్లో బరువుకి ఫిలిప్ చేత యూనిట్లో పారేసే గ్రానైటు ముక్కలు తెప్పించింది. వేలి గోరంత పలకలు, ఒక్కో మూలలో రెండు పెట్టి కుట్టేస్తే ఫ్యాను గాలికి కూడా పరదా లేవదు. లైనింగుకి పాత తెల్ల దుప్పట్లు. ఇక పైకి కనిపించే గుడ్డ ఒక్కటే కావాలి.

దానికోసం పట్నంబజారులో యలమందయ్య గోడౌనుకి వెళ్ళింది. యలమందయ్య టోకు వ్యాపారి, ఆమెని ఎన్నాళ్ళనుంచో ఎరుగును. మచ్చలు పడ్డ థానులు, అంచు తిన్నగా రానివి ఆయన ఒక మూల పడేసి ఉంచుతాడు. ఆ మూలలో రెబ్కాకి కోరారంగు నూలుగుడ్డ కనపడింది. కాస్త మందం. నేతలో అక్కడక్కడా ముడిలా దారం లావెక్కి, వెలుతురు పడితే ఎండిన గడ్డిలా మెరుస్తోంది. ఈ మధ్య పత్రికల్లో చూపించే పెద్దిళ్ళలో ఇదే వాడుతున్నారు.

"మంచి చూపు నీది," అన్నాడు యలమందయ్య. "ఈ లాటే మీ మేడమ్ పద్దెనిమిది థానులు చెప్పింది. అదిగో, కట్టలు కట్టి ఉంచాను. చైతన్యకృష్ణ అని విల్లాలు కట్టే ఆయన లేడూ, ఆయన సొంతింటికట. అది నచ్చితే ఆయన కట్టే విల్లాలన్నిటికీ ఈవిడకే ఆర్డరంట."

"నేనక్కడ మానేశానండీ."

"అవునా? నాకు తెలీదమ్మా. సరే, నువ్వు ఈ మచ్చల థానులు పట్టుకెళ్ళు. కిలోల లెక్కన వేస్తా."

ఇంటికొచ్చి ఆమె ఎప్పుడూ చేసే పనే చేసింది. మీటరు ముక్క కోసి, నాలుగు మూలలా పెన్నుతో గుర్తుపెట్టి, బకెట్లో ఒక రాత్రంతా నాననిచ్చి, ఎండలో ఆరేసింది. షాపులో నూలుగుడ్డ ఏది వచ్చినా ఆమె ఇలా చూడనిదే కత్తెర పెట్టేది కాదు. మేడమ్‌కి ఆ సంగతి తెలుసో లేదో కూడా అనుమానమే. ఆరిన ముక్కకి టేపు పెట్టి చూసి రెబ్కా మళ్ళీ చూసింది. మీటరుకి మూడంగుళాలు పోయింది. అంటే స్లాబు నుంచి నేల దాకా తొమ్మిదడుగుల పరదా కుడితే, మొదటిసారి తడవగానే జానెడు పైకి లేస్తుంది.

ఆమె టేపు పట్టుకుని పెరట్లో నిలబడిపోయింది. షాపులో వాళ్ళు తడిపి చూడరు. తడిపి చూసే మనిషి లేదు. పద్దెనిమిది థానులూ అలాగే కోసేస్తారు.

ఫోను తీసింది. మేడమ్ నంబరు ఇంకా ఉంది. వేలు దాని మీద పెట్టబోయి ఆగింది. కౌంటరు మీద ఊడిపోయిన ఆ కాగితం కళ్ళముందుకొచ్చింది. మొహం తిప్పుకున్న మొగమనిషి గుర్తొచ్చాడు. ఫోను దండెం కింద గట్టు మీద పెట్టి, తను కొన్న గుడ్డంతా తెచ్చి నీళ్ళ తొట్టిలో ముంచింది. మోచేతుల దాకా చేతులు నీళ్ళలో పెట్టి నొక్కి నొక్కి పిండింది. ఒళ్ళంతా వేడెక్కి, చెమటలు పట్టి, పట్టరాని సంతోషం వేసింది. పెళ్ళయిన కొత్తలో కూడా తనకి అంత సంతోషం వెయ్యలేదని ఆమె తర్వాత చాలాకాలానికి ఒప్పుకుంది.

సెప్టెంబరంతా కుట్టింది. హాల్లో కోరారంగు మీద కింద మూరెడు మేర చీరాల నేత, మిరపపండు ఎరుపులో నల్లగీత ఉన్న దుప్పట్టా కోసి అంచు వేసింది. పడగ్గదిలో అంచు లేకుండా ఉత్త కోరా. వంటింటికి సగం కిటికీకే. ఆఖరి పరదా ఎక్కించాక ఫిలిప్ గుమ్మంలో నిలబడి చెప్పులు విప్పకుండా చూశాడు.

"మనిల్లేనా ఇది?" అన్నాడు.

గృహప్రతిష్ఠ ప్రార్థన కార్డు రెబ్కా మేడమ్‌కి చాంద్‌బీ చేత పంపింది. కవరు మీద పేరు స్వయంగా రాసింది. మేడమ్ రాలేదు. పాస్టరుగారు జయరావుగారు వచ్చారు, సంఘం వాళ్ళంతా వచ్చారు, ప్రతి ఆడమనిషీ పరదాలు పట్టుకుని చూసి ఎక్కడ కొన్నావని అడిగింది. రెబ్కాకి ఆ మెప్పులేవీ ఆనలేదు. ఆమె కళ్ళు వీధి వైపే ఉన్నాయి.

చాంద్‌బీ మాత్రం వచ్చింది, ప్లాస్టిక్ డబ్బాల సెట్టు కానుక పట్టుకుని. బిర్యానీ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, పరదా అంచు ఎత్తి చూసి, లోపల కుట్టిన రాయి తగిలి నవ్వింది.

"అబ్బ, ఎంత బాగుందక్కా! నువ్వు పోయాక అక్కడ ఏం బాలేదు. ఇప్పుడు కటింగు నన్నే చెయ్యమంటోంది మేడమ్. ఆ బిల్డరు ఇంటికి నలభై నాలుగు పరదాలు. రేపు మొదలెట్టాలి. నాకు భయంగా ఉందక్కా. నువ్వైతే గుడ్డ చూడగానే చెప్తావు, నాకేం తెలుసు?"

రెబ్కా చేతిలో పెరుగుపచ్చడి గరిటె ఉంది. నోటిదాకా వచ్చింది, తడిపి కొయ్యి అని. రెండే మాటలు. ఆ రెండు మాటలూ చాంద్‌బీకి చెప్తే మేడమ్ బతికిపోతుంది. విల్లాలన్నీ ఆవిడకే వస్తాయి. మాది టేస్టండీ అంటుంది.

"ఏం కాదులేమ్మా. కొలత చూసుకుని కొయ్యి," అని, "పచ్చడి వేసుకో," అంది.

చాంద్‌బీ వేసుకుంది.

అక్టోబరు చివర్లో జరిగింది జరిగిపోయింది. పరదాలన్నీ కట్టారు. చైతన్యకృష్ణ తల్లికి కొత్త గుడ్డ గంజివాసన పడలేదు. గృహప్రవేశానికి పదిహేను రోజుల ముందు నలభై నాలుగూ దింపించి ఉతికించింది. ఆరాక మళ్ళీ ఎక్కిస్తే, ఇల్లంతా పొట్టి లాగులు తొడుక్కున్నట్టు జానెడు పైకి లేచి నిలబడ్డాయి. ఇటాలియన్ మార్బుల్ మీద ఆ ఖాళీ మరీ కొట్టొచ్చినట్టు కనపడింది. చైతన్యకృష్ణ ఫోన్లో మేడమ్‌ని అన్న మాటలు షాపు బయట రోడ్డు మీదికి కూడా వినపడ్డాయట.

ఈ సంగతి రెబ్కాకి యలమందయ్య ఫోను చేసి చెప్పాడు. వింటూ వింటూ ఆమె పెద్దగా నవ్వేసింది. పక్కింటామె కిటికీలోంచి తొంగిచూసింది. నవ్వు ఆగక రెబ్కా గోడకి చెయ్యి ఆనించింది.

"నవ్వుతావేంటమ్మా," అన్నాడు యలమందయ్య. "ఆ కోసిన పిల్లని తీసేసింది మీ మేడమ్. పేరేంటి, చాంద్‌బీ. రెండు నెలల జీతం కూడా ఇవ్వనందట, నష్టం కింద పట్టుకుందట. నిన్న వాళ్ళమ్మ సర్దార్‌బీ నా దగ్గరికొచ్చి ఏదైనా పని ఉంటే చూడమని ఏడ్చింది."

రెబ్కా నవ్వు ఆగిపోయింది. ఫోను పెట్టేసింది. ఎవరు కోస్తారో ఆమెకి తెలియదా? చాంద్‌బీయే వచ్చి ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని చెప్పింది. తెలిసి కూడా ఆ తెలిసినదాని వైపు చూడకుండా ఇన్నాళ్ళు గడిపింది. అంతా మేడమ్ నెత్తినే పడుతుందని, పడేదంతా ఆవిడ ఒక్కదాని మీదే పడుతుందని తనకి తనే చెప్పుకుంది. చాంద్‌బీ వాళ్ళుండే ఆనందపేట వెళ్దామని రెండుసార్లు చీర మార్చుకుంది. రెండుసార్లూ వెళ్ళలేదు.

నాలుగో రోజు పొద్దున మేడమే వచ్చింది. కారు సందులోకి తిరగక మలుపులో ఆపి, బురద తప్పించుకుంటూ నడిచి వచ్చింది. రెబ్కా గుమ్మంలో నిలబడి చూసింది. ఇన్ని నెలలు ఎదురుచూసిన రాక అది.

"లోపలికి రావచ్చా?" అంది మేడమ్.

"రండి."

మేడమ్ హాల్లోకి వచ్చి నిలబడిపోయింది. స్లాబు దగ్గర్నించి నేల దాకా జారిన కోరాగుడ్డ, కింద ఎర్రంచు, నేలకి సరిగ్గా గోరంత ఎత్తులో ఆగిన అంచు. పొద్దుటెండ వెనక నుంచి పడుతోంది. ఆవిడ నోట మాట రాలేదు. రెబ్కా కోరుకున్నట్టే రాలేదు. తర్వాత ఆవిడ వేళ్ళు వాటంతటవే గుడ్డ మీదికి వెళ్ళి నలిపి చూశాయి. మొహం మారింది.

"ఇది యలమందయ్య లాటే కదూ?"

"అవునండీ."

"తడిపి కుట్టావు."

"తడిపే కుట్టాను."

"అంటే నీకు తెలుసు. ముందే తెలుసు."

"తెలుసు."

"ఒక్క ఫోను చెయ్యలేకపోయావా రెబ్కా?"

"ముక్క దొరికినప్పుడు మీరొక్క మాట అనలేకపోయారా మేడమ్?"

మేడమ్ కుర్చీలో కూర్చుంది. గృహప్రవేశం ఆరు రోజుల్లో ఉందని, ఎవరు చూసినా కొత్త గుడ్డ కొనాల్సిందే అంటున్నారని, అంత గుడ్డ మళ్ళీ కొనే శక్తి తనకి లేదని చెప్పింది. నువ్వైతే ఏదైనా దారి చెప్తావని వచ్చానంది. దారి రెబ్కా బుర్రలో అప్పటికే ఉంది. కానీ ఆమె ఇంకొకటి అడిగింది.

"ముందు మీ హ్యాండ్‌బ్యాగు ఈ బల్ల మీద బోర్లించండి."

"ఏంటీ?"

"బోర్లించండి. ఆ తర్వాత పరదాల సంగతి మాట్లాడదాం."

పక్కింటామె అప్పటికే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మేడమ్ ఆమె వైపు చూసింది, రెబ్కా వైపు చూసింది. చెవుల దాకా ఎర్రబడింది. లేచి వెళ్ళిపోతుందనే అనుకుంది రెబ్కా. వెళ్ళలేదు. జిప్పు లాగి బ్యాగు తిరగేసింది. తాళాలగుత్తి, దువ్వెన, బిల్లుల కట్ట, షుగరు చూసుకునే మిషను, సగం తిన్న జంతికల పొట్లం, ఒక కాడ విరిగితే దారంతో కట్టిన కళ్ళద్దాలు. జంతికల పొడి బల్లంతా రాలింది. మేడమ్ దాన్ని అరచేత్తో ఊడవబోతే రెబ్కా, "ఉండనివ్వండి," అంది.

తియ్యగా ఉంది. అందులో అబద్ధమేమీ లేదు. ఆ నిమిషం రెబ్కాకి బెల్లం నోట్లో వేసుకున్నంత తియ్యగా ఉంది. ఆ మాట ఆమె ఎవరి దగ్గరా దాచుకోలేదు.

మేడమ్ తన వస్తువులు ఒక్కొక్కటి తీసి లోపల పెట్టుకుంటూ తల ఎత్తకుండా అంది:

"నామీద కోపముంటే నామీద తీర్చుకున్నావు, సరే. మరి ఆ పిల్లేం చేసింది? అది కోస్తుందని నీకు తెలుసుగా?"

రెబ్కా బల్ల మీది జంతికల పొడిని తనే అరచేత్తో ఊడ్చి, "దాని రెండు నెలల జీతం ఈ రోజే ఇచ్చెయ్యండి. అది చేతికందాక పని మొదలెడతాను. కూలి పూర్తిగా తీసుకుంటాను, పైసా తగ్గను. మా షాపు పనే అని మీరు ఎవరితోనూ అనకూడదు," అంది. మేడమ్ అన్నిటికీ తలూపింది. తప్పయిందని మాత్రం ఆ రోజు కూడా అనలేదు.

రెబ్కా ఆటో ఎక్కి నేరుగా ఆనందపేట వెళ్ళింది. మేడమ్ నోటి నుంచి తెలిసేలోపు తను చెప్పాలి. చాంద్‌బీ వాకిట్లో ఇస్త్రీ చేస్తోంది, ఇరుగుపొరుగు బట్టలు. రెబ్కాని చూసి నవ్వుతూ, "అక్కా, రా రా! చూశావా నా గతి," అంది. రెబ్కా కూర్చోకుండా నిలబడే చెప్పింది. గుడ్డ తడిపిన రోజు నుంచి బిర్యానీ రోజు దాకా ఏదీ దాచకుండా చెప్పింది.

చాంద్‌బీ ఇస్త్రీపెట్టె నిలబెట్టి, రెండు చేతులతో చొక్కా మడత వేసింది. మళ్ళీ విప్పి మళ్ళీ వేసింది.

"నేను భయంగా ఉందన్నాను. నీ ఇంట్లో అన్నం తింటూ అన్నాను."

"అన్నావు."

"నీ సంచి గురించి అంతమంది ముందు మాట్లాడింది నేను. అలా మాట్లాడినందుకు నా ఉద్యోగం అప్పుడే పోయుండేది."

"అవునమ్మా."

సర్దార్‌బీ లోపల్నించి టీ పట్టుకొచ్చింది, సంగతి తెలియక. రెబ్కా ఆ టీ తాగడానికి నానా అవస్థా పడింది. వెళ్ళబోతూ, ఆ పరదాలు సరిచేసే పనుందని, రావాలని, సగం సగం కూలి అని చెప్పింది.

"వస్తా," అంది చాంద్‌బీ. "నాకు పని కావాలి. మాట్లాడమని మాత్రం అడగొద్దు."

జీతం చాంద్‌బీ చేతికందాక, మూడు రోజులు ఇద్దరూ రెబ్కా హాల్లో నలభై నాలుగు పరదాలు పరుచుకుని కూర్చున్నారు. దారి సులువే. జానెడు పోయిన చోట ఇంకో జానెడు కోసేసి, మూరెడు అంచు అతికించడం. చీరాల నుంచి చిక్కటి నీలం నేతగుడ్డ తెప్పించి, దాన్ని ముందు తడిపి, ఆరబెట్టి, ఒక్కో పరదాకి కింద పట్టీలా వేశారు. అతుకు పైన సన్నటి పైపింగు. అది సరిచేసిన తప్పులా కాక, అలా కావాలనే చేసినట్టు ఉంది. మిషన్ల చప్పుడు తప్ప ఇంట్లో మాట లేదు. కత్తెర కావాలంటే చాంద్‌బీ లేచి వచ్చి తీసుకునేది, అందివ్వమని అడిగేది కాదు. మధ్యాహ్నం తన డబ్బా తనే తెచ్చుకుని మెట్ల మీద కూర్చుని తినేది.

పరదాలు కట్టడానికి ఇద్దరే వెళ్ళారు. చైతన్యకృష్ణ చేతులు కట్టుకుని చూసి, "ఈ బార్డరు ముందే ఎందుకు వెయ్యలేదండీ? ఇదే బావుంది," అన్నాడు. ఎవరు కుట్టారని అడిగాడు. రెబ్కా తన పేరు చెప్పి, చాంద్‌బీ పేరు చెప్పి, ఇద్దరి నంబర్లూ ఇచ్చింది. విల్లాల పని డిసెంబరులో వాళ్ళకే వచ్చింది.

ఇప్పుడు రెబ్కా ఇంట్లో హాలు హాలు కాదు, కుట్టుగది. కొనుక్కున్న సోఫా మీద థానులు ఉంటాయి. చాంద్‌బీ రోజూ వస్తుంది, పని చేస్తుంది, కూలి తీసుకుంటుంది. ఫిబ్రవరి నుంచి మాట్లాడుతోంది కూడా, కాకపోతే పనికి సంబంధించిన మాటలే, అక్కా అనదు, అండీ అంటుంది. రెబ్కా ఎప్పుడూ తొందరపెట్టలేదు. ఒకసారి ఫిలిప్ మధ్యలో కల్పించుకుని సర్ది చెప్పబోతే, "నువ్వూరుకో, అది దాని ఇష్టం," అంది.

మొన్న ఇద్దరూ కొలతలకి లక్ష్మీపురం వెళ్తూ బ్రాడీపేటలో ఆటో కోసం నిలబడ్డారు. ఎదురుగా షాపు. మేడమ్ గుమ్మంలో నిలబడి ఉంది. రెబ్కాని చూసి చెయ్యి సగం ఎత్తింది. రెబ్కా చూసింది. చూసి, తల తిప్పుకుని వచ్చే ఆటోని ఆపింది.

ఆటో కదిలాక చాంద్‌బీ అడిగింది, "ఇంకా ఎన్నాళ్ళండీ ఆవిడ మీద కోపం?"

"ఏమో. పోవడం లేదు."

"నాకూ మీ మీద అంతే," అంది చాంద్‌బీ, బయటికి చూస్తూ.

లక్ష్మీపురంలో దిగి, కొత్తింటి మెట్లెక్కి, రెబ్కా టేపు ఒక కొస పట్టుకుంటే రెండో కొస చాంద్‌బీ పట్టుకుంది. మొదటి కిటికీ, ఎడం వైపు.